కందెన పెట్టిన కారు: త్రిపురాంతకం నుంచి గిద్దలూరు ఘాట్ మీదుగా నంద్యాల

గిద్దలూరు ఘాట్ మీదుగా సొంత కార్లో నంద్యాల వెళ్లవచ్చా, రోడ్డు ఎలా ఉంది, ఎంతసేపు పడుతుంది అని ఈ బ్లాగు చదివేవాళ్లు నన్ను చాలాసార్లు అడిగారు. వెళ్లవచ్చు. రోడ్డు బాగానే ఉంది. త్రిపురాంతకం నుంచి అయితే ఆగుతూ వెళ్లినా అయిదు గంటల్లోపే. ఈ మూడు ముక్కలూ రాసి ఊరుకుందామని రెండు నెలలుగా కూర్చుంటున్నాను, చేయి కదలడం లేదు. ఆ దారిలో నేను చివరిసారి వెళ్లింది సరదాకి కాదు. ఆ రోజు సంగతి దాచిపెట్టి రోడ్డు సంగతి మాత్రం చెప్పడం నాకు చేతకాలేదు, అందుకని రెండూ కలిపే రాస్తున్నాను. జలపాతాల ఫొటోల కోసం వచ్చినవాళ్లు ఇక్కడే వెనక్కి తిరిగినా నేనేమీ అనుకోను.

ముందు మా కారు గురించి చెప్పాలి. పన్నెండేళ్ల పాత డీజిల్ బండి. మార్కాపురంలో ఒకాయన వాడి వదిలించుకుంటుంటే కొన్నాం. ఇలాంటి బళ్లలో చాలావాటికి డిస్కు బ్రేకులు ముందు చక్రాలకే ఉంటాయి, దీనికి వెనక కూడా ఉన్నాయి. చక్రంతోపాటు ఒక ఇనుప పళ్లెం తిరుగుతుంది. దాన్ని రెండు వైపులనుంచి పట్టుకునే పట్టకారు లాంటిదే కాలిపర్. పెడల్ తొక్కితే పట్టుకోవాలి, తీస్తే వదలాలి. వదలడానికి అది రెండు చిన్న పిన్నుల మీద ముందుకీ వెనక్కీ జారుతుంది. పిన్నులు బిగుసుకుంటే పట్టిన పట్టు వదలదు. ఎనిమిదో తరగతి పిల్లలకు ఘర్షణ పాఠం చెప్పే టీచర్ని, ఈ మాత్రం నాకు తెలుసు. తెలిసి ఏం లాభం?

దసరాకు ముందు నుంచే వెనక చక్రం కీచుమంటోంది. నేను బడికి బయలుదేరేటప్పుడల్లా మా మామ వసారాలో నిలబడి వినేవాడు. మామ అంటే మా ఆయన తండ్రి. నలభై ఏళ్లు ఎద్దులబండి తోలినవాడు. మిరపకాయల బస్తాలూ, కందులూ, ఒకోసారి కురిచేడు స్టేషనుకు చుట్టపక్కాలనూ. చక్రం చప్పుడును బట్టి బండి ఎవరిదో చెప్పేవాడట.

"అమ్మాయ్, ఎనక చక్రం ఏడుస్తాంది. ఎవురికన్నా చూపియ్యి" అన్నాడు ఒకరోజు.

"చూపిద్దాంలే మామా, సెలవులు రానీ."

"సెలవులదాకా ఓర్చుకుంటాదా అది?"

నాకు బడికి టైమైపోతోంది. "ఇదేమన్నా నీ ఎద్దులబండా మామా? కారు. దీని సంగతి నీకు తెలీదు, ఊరుకో" అన్నాను. నా నోటికి దురుసెక్కువ, ఒప్పుకుంటాను. ఆ తర్వాత నాలుగు రోజులకు చప్పుడు ఆగిపోయింది. "చూశావా, దానంతటదే పోయింది" అని నేను గొప్పగా చెబితే, మామ అత్త వైపు చూసి నవ్వాడు. నేను ఆ నవ్వును పట్టించుకోలేదు.

దసరా అయ్యాక మామ నంద్యాలలో ఉన్న మా ఆడబిడ్డ ఇంటికి వెళ్లాడు. అక్కడ కడుపునొప్పి వచ్చింది. గ్యాసని మాత్రలు మింగుతూ రెండు రోజులు ఓర్చుకున్నాడు. మూడోరోజు ఆస్పత్రిలో చేర్చారు. పేగు మెలికపడిందన్నారు. మా ఆయన రమణ ఆ సాయంత్రమే రైలెక్కి వెళ్లాడు. మర్నాడు పొద్దున ఏడింటికి ఫోన్ చేశాడు. రక్తం సర్దుతున్నారట, మధ్యాహ్నం రెండు గంటలకు ఆపరేషన్. "నాయన అమ్మను చూడాలంటాండాడు. చూసినాకనే లోపలికి పోతానంటాండాడు. రెండు లోపల వచ్చేయండి" అన్నాడు. రైలు అప్పటికే దాటిపోయింది. రెండింటికి ఏడు గంటలుంది, దారి అయిదు గంటలు కూడా లేదు. బడికి సెలవు చెప్పి, అత్తను ఎక్కించుకుని ఏడూ ముప్పావుకు బయలుదేరాను.

త్రిపురాంతకం నుంచి మార్కాపురం గంట ప్రయాణం. పొద్దున పూట లారీలు తక్కువ. మార్కాపురంలో బస్టాండు దగ్గర ఒక హోటల్లో ఆగాం. ఇడ్లీ నలభై రూపాయలు, అల్లం పచ్చడి బాగుంటుంది, మీరు వెళ్తే అక్కడే తినండి. అత్త ఒక ముక్క తుంచి, పచ్చడిలో అద్ది, మళ్లీ ప్లేటులోనే పెట్టేసింది. "ఆయప్ప ఏమీ తినకుండా పడుకోనుంటే నాకు గొంతు దిగదమ్మా" అంది. హోటలతను ప్లేటు తీస్తూ, "ఏంది పెద్దమ్మా, బాగలేదా?" అన్నాడు. "బాగుంది నాయనా, నాకే బాగలేదు" అంది. కాఫీ తాగించి ఎక్కించాను. పలకల ఫ్యాక్టరీలు దాటి కంభం చేరేసరికి పావుతక్కువ పది. అక్కడి చెరువు చూడాలనుకునేవాళ్లు గంట అదనంగా వేసుకోండి. మేము ఆగలేదు.

కంభం దాటిన కాసేపటికి కారు బరువుగా లాగుతున్నట్టు అనిపించింది. ఎదురుగాలి అనుకున్నాను. ఇంకాస్త దూరం పోయాక గొర్రెల మంద అడ్డమొచ్చింది. రెండు వందలుంటాయేమో, రోడ్డంతా అవే. బ్రేకు తొక్కి నిలబెట్టాను. మందంతా దాటాక పెడల్ మీద నుంచి కాలు తీసినా కారు కదల్లేదు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే మూలుగుతూ కదిలింది. వెనక వస్తున్న గొర్రెల కాపరి కర్ర ఎత్తి అరిచాడు.

"ఓ అమ్మా! నీ బండి ఎనక పొగొస్తాంది సూడు!"

దిగి చూస్తే కుడివైపు వెనక చక్రం సందుల్లోంచి సన్నగా పొగ. కాలిన వాసన ముక్కుకు గుచ్చుకుంది. ఆ కాలిన వాసనలోనే ఇంకేదో తెలిసిన వాసన కూడా ఉంది, కానీ ఏమిటో తట్టలేదు. నీళ్లసీసా తీశాను. కాపరి నా చెయ్యి ఆపాడు. "కాలిన ఇనుము మీద నీళ్లు పోయొద్దమ్మా, పగుల్తాది. కొలిమిలో కాలిన కొడవలి నీళ్లు పోస్తే పగిలింది, నేను సూసినా. రొంతసేపు ఆగి మెల్లంగా పో, గిద్దలూరు దగ్గరే." పావుగంట ఆగి, ఇరవై స్పీడులో, ఒక్కసారి కూడా బ్రేకు తొక్కకుండా, ఎదురొచ్చినవాళ్లందరికీ హారన్ కొడుతూ గిద్దలూరు చేరాను. అత్త దారంతా వెనక అద్దంలోంచి పొగ వస్తోందా అని చూస్తూనే ఉంది.

నంద్యాల వెళ్లే రోడ్డు మీద, ఊరు దాటబోయే ముందు, రేకుల షెడ్డు ఒకటి దొరికింది. మెకానిక్ పేరు మస్తాన్. యాభై దాటిన మనిషి, కళ్లజోడు తాడుతో మెడకు కట్టుకున్నాడు. చక్రం దగ్గర అరచెయ్యి పెట్టబోయి, జానెడు దూరంలోనే ఆపేశాడు.

"యాడికి పోతాండారక్కా?"

"నంద్యాలకు. రెండింటికల్లా ఉండాలి. మా మామకి ఆపరేషన్."

"ఘాట్‌లోనా? దీనితోనా?" అన్నాడు. "కాలిపరు పట్టేసింది. ఇట్లనే ఎక్కిచ్చుంటే బ్రేకు ఆయిలు మరిగిపోయి, దిగేకాడ పెడలు గాల్లోకి తొక్కినట్టు పోయుండేది. గంటలో చేసిస్తా, కూసోండి."

అప్పుడు టైము పదకొండుకు అయిదు నిమిషాలు తక్కువ. గంటంటే పన్నెండు. ఘాట్ గంటన్నర. రెండింటికి ముందే చేరిపోతామని లెక్కేసుకున్నాను. నేను లెక్కలేసుకుంటుండగానే నంద్యాల బస్సు వచ్చింది. షెడ్డు ఎదురుగానే స్పీడు బ్రేకరు ఉండడంతో నెమ్మదించింది. సగం సీట్లు ఖాళీ. కండక్టరు తలుపులో నిలబడి మా వైపే చూశాడు.

"అమ్మాయ్, నేను బస్సెక్కి పోతా" అంది అత్త. చీరకొంగు బిగించి లేచింది కూడా.

"వద్దత్తా. నీకు బస్సులో వాంతులు. ఘాట్ మలుపుల్లో ఒక్కదానివి ఎట్ల పోతావు? గంటేగా. ఇద్దరం కలిసే పోదాం" అన్నాను.

అత్త ఒక్క క్షణం బస్సు వైపు చూసింది. నా మాట కాదనడం ఆమెకు అలవాటు లేదు. కూర్చుంది. బస్సు వెళ్లిపోయింది. ఈ మాట రాయడానికి నాకు రెండు నెలలు పట్టింది.

మస్తాన్ ముందు చక్రాలకు రాళ్లు పెట్టి, వెనక జాకీ ఎక్కించి, చక్రం విప్పాడు. డిస్కు అంచు నీలం తిరిగిపోయింది. పానా పెట్టి కింది బోల్టు తీసి కాలిపర్‌ని పైకి ఎత్తబోతే రాలేదు. చిన్న సుత్తితో అటూ ఇటూ తట్టి, కడ్డీతో ఎత్తి, చెమటలు కక్కి ఊడబీకాడు. డిస్కును రెండు వైపులా నొక్కే ప్యాడ్లలో లోపలిది అరిగిపోయి ఇనుము తేలింది, బయటిది ఒక మూల మాడిపోయింది. తర్వాత పిన్నుల మీది రబ్బరు తొడుగు లాగి, పిన్ను బయటికి తీశాడు. తీసి, వెలుతురులో పెట్టి చూశాడు. వాసన చూశాడు.

పిన్ను నల్లగా ఉంది. గ్రీజు నలుపు కాదు. జిగటగా, ఎండిన బంకలాగా పట్టేసి ఉంది. అందులో సన్నని గడ్డిపోచ తునక ఒకటి అంటుకుని ఉంది.

"ఓరి నీ! ఎవుడక్కా ఈ పని చేసినోడు? కందెన! ఎద్దులబండి ఇరుసుకు పెట్టే కందెన పూసినాడు ఎవుడో ఎర్రోడు!" అన్నాడు మస్తాన్ గట్టిగా. "ఆముదం ఇది. వేడికి చిక్కబడి బంకయిపోయింది. ముప్పై ఏండ్ల నుంచి చేస్తాండా, కారు బ్రేకులకు కందెన నేను సూళ్లే!"

నాకు అప్పుడు తట్టింది, పొగలో వచ్చిన ఆ తెలిసిన వాసన ఏదో. మా ఇంట్లో బండి అమ్మేసి తొమ్మిదేళ్లయింది, ఎద్దులను అమ్మేసి పదేళ్లు. కానీ బండి కింద వేలాడే వెదురు గొట్టం, కందెన పోసుకునేది, మామ అమ్మలేదు. వసారాలో మేకుకు తగిలించుకున్నాడు. నేను అత్త వైపు చూడకూడదనుకుంటూనే చూశాను.

అత్త పాత టైరు మీద కూర్చుని ఉంది. లేచి దగ్గరికి వచ్చి, మస్తాన్ చేతిలోని పిన్నును వేలితో తాకింది. ఆ వేలిని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఎర్రోడు కాదు నాయనా. నా మొగుడు" అంది. "గడ్డి కాల్చి మసి చేసిచ్చింది నేనే. ఆముదం పోసి నూరిచ్చింది నేనే. చక్రం ఏడుస్తాంది, కోడలికి తీరిక లేదు, మనమే పెడదాం అన్నాడు. చక్రం యిప్పేటప్పుడు జాకీ కూడా పట్టుకున్నా."

మస్తాన్ తల దించుకున్నాడు. కాసేపు ఆ పిన్నును గుడ్డతో తుడుస్తూ ఉండిపోయాడు. తర్వాత డిస్కును వేళ్లతో తడిమి, "పెద్దమ్మా, ఒక మాట చెప్తా, యిను" అన్నాడు. "ఆయన కందెన పళ్లెం మీద పూయలేదు. ప్యాడ్ల మీద పూయలేదు. పట్టుకునేకాడ చుక్క పడనీయలేదు, జారేకాడనే పెట్టినాడు. ఎవురూ చెప్పకుండా అది తెలుసుకున్నాడంటే బుద్ధిమంతుడే. చోటు సరిగ్గానే పెట్టినాడు. మందే తప్పు."

అత్త ఆ మాటకు తలూపింది. నాకు మాత్రం నా గొంతే చెవుల్లో వినిపించింది. ఇదేమన్నా నీ ఎద్దులబండా మామా?

మస్తాన్ ఎడమ చక్రం వైపు చూసి, "అక్కా, దీనికి కూడా పెట్టినాడా?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపు అత్తే చెప్పింది. "ఒక ఎద్దుకు మేత పెట్టి ఇంకో ఎద్దును పస్తు పెడతామా నాయనా? రెండిటికీ పెట్టినాడు."

అంతే, గంట పని రెండు గంటలయింది. ఎడమ చక్రం నుంచి పొగ రాలేదు గానీ, విప్పి చూస్తే పిన్నులు సగం బిగిసి ఉన్నాయి. నేను మస్తాన్‌ని బతిమాలాను. ఎడమది వదిలెయ్, కుడిదాన్ని ఊడబీకినట్టే ఉంచి బ్రేకు ఆయిలు పైపు నొక్కి కట్టెయ్, ముందు బ్రేకులతో మెల్లగా పోతాను అన్నాను. అతను నా వైపు చూడను కూడా చూడలేదు. "ఆ పని నా చేతుల్తో చేయనక్కా. ఘాట్ దిగేటప్పుడు మీరిద్దరుంటారు బండిలో. ఇంకేదన్నా బండి దొరుకుతాదేమో కనుక్కోండి, నేను కూడా ఫోన్ చేస్తా." చేశాడు. తెలిసిన రెండు అద్దెకార్లూ పెళ్లి ముహూర్తానికి పోయాయి. తర్వాతి బస్సు ఒంటిగంట దాటాక అన్నారు. రైలు సాయంత్రం దాకా లేదు. ఆటోవాళ్లు ఘాట్ అనగానే చేతులెత్తేశారు. మధ్యాహ్నం ఎండ రేకుల మీద మండిపోతోంది. నేను షెడ్డులో అటూ ఇటూ తిరిగాను, ఇంకేం చేయను?

పని ఎలా చేశాడో చెబుతాను, మీకెప్పుడైనా అవసరపడుతుంది. పిన్నులను స్ప్రే కొట్టి కడిగాడు, నీళ్లలో తడిపిన ఎమరీ కాగితంతో మెల్లగా రుద్దాడు. పిన్ను దూరే రంధ్రాల్లో గుడ్డముక్క చుట్టిన పుల్ల తిప్పి తిప్పి, గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడిచాడు. ఒక్కో రంధ్రానికి పది గుడ్డలు పట్టాయి. కొత్త ప్యాడ్లకు చోటు కావాలంటే కాలిపర్‌లో ప్యాడును నెట్టే పిస్టన్ వెనక్కి పోవాలి. ముందు చక్రాలవి నొక్కితే పోతాయి. వెనకవాటికి హ్యాండ్‌బ్రేకు కూడా అందులోనే ఉంటుంది గనక నొక్కుతూ తిప్పాలి. తెలియనివాళ్లు క్లాంపు పెట్టి నొక్కి లోపలి మరను విరగ్గొడతారట. మస్తాన్ దగ్గర దానికి తగిన పనిముట్టు ఉంది. పిన్నులకు పూసింది చిన్న ట్యూబులోని బ్రేకు గ్రీజు, అదీ వేలి కొసతో సన్నగా. "ఇదే గ్రీజు. ఇంకేదీ పనికిరాదు" అని నాకు చూపించాడు. ప్యాడ్లు ఊళ్లో దుకాణం నుంచి తెచ్చేసరికి పన్నెండున్నర. ప్యాడ్లు, గ్రీజు, కూలి, రెండు వైపులకూ కలిపి మూడు వేల రెండు వందలయింది.

పన్నెండూ నలభైకి రమణ ఫోన్ చేశాడు. మామ మాట్లాడతాడట, ఫోన్ అత్తకు ఇవ్వమన్నాడు. స్పీకర్ పెట్టి ఇచ్చాను. మామ గొంతు బాగా సన్నగిల్లింది.

"బయల్దేరినారా?"

"బయల్దేరినాం. వచ్చేస్తాండాం" అంది అత్త, టైరు మీద కూర్చుని.

"యాడున్నారు?"

"గిద్దలూరు దాటినాం."

"బండి ఎట్ల పోతాంది? ఏమన్నా ఇబ్బంది పెట్టిందా?"

అత్త విప్పేసి ఉన్న చక్రం వైపు చూసింది. "లేదు, బాగా పోతాంది. చప్పుడే లేదు" అంది.

"అదీ! నేను చెప్పలే?" అన్నాడు మామ. ఆ గొంతులో సంతోషం నాకు స్పష్టంగా వినిపించింది. "నిదానంగా రాండి. నేను ఉంటాలే." మస్తాన్ చేతిలో పానా పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు.

ఒంటిగంటా పదికి బయలుదేరాం. మస్తాన్ బండిని ముందుకీ వెనక్కీ నడిపి, నాలుగుసార్లు బ్రేకు కొట్టి చూసి, తాళం చేతిలో పెట్టి, "తొందరపడొద్దక్కా" అన్నాడు. దిగువమెట్ట దాటగానే అడవి మొదలవుతుంది. అక్కడి నుంచి ఘాట్ దిగేదాకా ఫోన్ సిగ్నల్ ఉండదు, ఇది గుర్తుపెట్టుకోండి. రోడ్డు నల్లగా, నున్నగా ఉంది, కానీ మలుపులు ఒకదాని వెనక ఒకటి. కొన్నిచోట్ల ఎదురుగా లారీ వస్తే మీరు ఆగవలసిందే. కోతులకు ఏమీ పెట్టకండి, రోడ్డు మీదే కాచుకుని కూర్చుంటాయి. బ్రేకులు చక్కగా పనిచేశాయి. ఎక్కడ తొక్కితే అక్కడ ఆగింది, ఎక్కడ వదిలితే అక్కడ కదిలింది. రెండో గేరులో దిగుతుంటే ముందు రెండు లారీలు, దాటడానికి చోటు లేదు. కారు గడియారం రెండు చూపించింది. నేను చూశాను, అత్త కూడా చూసింది.

"లోపలికి తీసుకపోయుంటారు" అంది అత్త.

"ఒకోసారి ఆలస్యమవుతుందత్తా. డాక్టర్లు టైముకు ఎక్కడ వస్తారు?"

కాసేపటికి అత్త అంది, "అమ్మాయ్, మీ మామ బయటికొచ్చినాక కందెన సంగతి చెప్పొద్దు. బండి పాడు చేసినానే అని కుమిలిపోతాడు. బాగా నడిచిందని చెప్పు. నీ నోటితో చెప్పు, నా మాటకంటే నీ మాట మీద గురి ఆయప్పకి. కారు సంగతి నీకే తెలుసంటాడు."

"చెప్తానత్తా" అన్నాను. నాకు రోడ్డు మసకబారింది. కారు పక్కకు తీసి ఏడవడానికి కూడా టైము లేదు.

గాజులపల్లె దగ్గర సిగ్నల్ వచ్చింది. రమణవి ఆరు మిస్డ్ కాల్స్. ఆస్పత్రి చేరేసరికి పావుతక్కువ మూడు. రెండూ అయిదుకే మామను లోపలికి తీసుకెళ్లిపోయారు. పేగు నల్లబడిందట, ఇంక ఆపితే ప్రమాదమన్నారట. వాళ్లు చేసింది సరైనదే. మేము తలుపు ముందు బెంచీ మీద కూర్చున్నాం. నాలుగున్నరకు పెద్ద డాక్టరు బయటికి వచ్చి రమణను పక్కకు పిలిచాడు. పిలిచిన తీరులోనే అత్తకు అర్థమైపోయింది.

ఏడుపులు అయ్యాక, కాగితాల కోసం ఎదురుచూస్తున్నప్పుడు, రమణ గోడకు ఆనుకుని చెప్పుకొచ్చాడు. "రెండింటిదాకా వాకిలి వైపే చూసినాడు నాయన. నర్సమ్మ ఇంక పోదాం తాతా అంటే, ఒక్క అయిదు నిమిషాలు తల్లీ, వచ్చేస్తారు, ఆ బండికి నేనే కందెన పెట్టినా, యాడా ఆగదు అంటాడు. అదే మాట రెండు మూడుసార్లు అన్నాడు. కారుకు కందెన ఏంది? మత్తుమందు ఏమన్నా ఇచ్చినారేమో, ఏదో కలవరిస్తాండాడు అనుకున్నా."

అత్త నా మోచెయ్యి పట్టుకుంది. గోళ్లు దిగేంత గట్టిగా పట్టుకుంది.

మామను బయటికి తెచ్చాక దగ్గరికి వెళ్లాను. అత్తకు మాటిచ్చాను కదా. "మామా, బండి బాగా నడిచింది. యాడా ఆగలేదు" అన్నాను. ఆయన బతికుండగా నేను ఆయన పనిని మెచ్చుకున్నది లేదు. ఆ ఒక్కసారీ చెప్పింది అబద్ధం.

పెద్దకర్మ అయ్యాక రమణకు జరిగిందంతా చెప్పాను. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. "రెండు చక్రాలకూ పెట్టినాడా?" అని మాత్రం అడిగాడు. రెండింటికీ అన్నాను. "నాయన పని అట్లనే ఉంటాది" అని నవ్వబోయి, నవ్వలేక లోపలికి వెళ్లిపోయాడు. కందెన గొట్టం ఇంకా వసారాలో మేకుకే ఉంది. అత్త తీయలేదు, నేనూ తీయలేదు. కారు ఇప్పుడు చప్పుడు చేయదు. పొద్దున బడికి బయలుదేరేటప్పుడు వసారా వైపు చూస్తాను, వినడానికి అక్కడెవరూ ఉండరు. వెర్రితనం ఎవరిదో మస్తాన్‌కి తెలియదు గానీ నాకు తెలుసు. చక్రం ఏడుస్తోందని చెప్పిన మనిషికే చక్రాల సంగతి తెలియదన్నదాన్ని నేను. అత్త ఈ రెండు నెలల్లో కందెన మాట ఎత్తింది, మామ మాట రోజూ ఎత్తుతుంది, ఆ బస్సు మాట మాత్రం ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిడితే నాకు కాస్త తేలికయ్యేది. ఇది రాయనా అని అడిగితే, "రాయమ్మా, ఇంకొకరికన్నా పనికొస్తాది" అంది.

పనికొచ్చే మాట ఒక్కటే చెబుతాను. ఘాట్ ఎక్కేముందు ఎక్కడైనా ఆగి, వెనక చక్రాల దగ్గర అరచెయ్యి పెట్టి వేడి చూసుకోండి. ఒకటి సెగలు కక్కుతుంటే బండి ముందుకు తీయకండి, మెకానిక్ గంట అంటే మూడు గంటలనుకోండి. మీతో ఉన్న మనిషి ఎవరినో చూడటానికి వెళ్తుంటే, బండి సంగతి తర్వాత, ముందు ఆ మనిషిని వచ్చిన బస్సు ఎక్కించేయండి.